పద్నాలుగు గంటల దూరం

మైపాడు రోడ్డు మీద జడ్సన్‌ని ఇప్పుడెవరైనా ఆపి, ఫలానా దేశం నుంచి చెన్నైకి విమానంలో ఎన్ని గంటలు పడుతుందని అడిగితే, బండి స్టాండు కూడా వేయకుండా "నాకు తెలవదబ్బయా, టికెట్టు చూసుకోండి" అనేసి వెళ్ళిపోతాడు. పోయిన ఫిబ్రవరి దాకా అయితే ఇదే ప్రశ్న అడిగినవాళ్ళకి తనే టీ ఇప్పించేవాడు. టీ తాగినంతసేపూ కువైట్, మస్కట్, దోహా, దుబాయ్ అంటూ ఒక్కొక్క ఊరి పేరూ ఎత్తి, దానికి పట్టే గంటలూ నిమిషాలూ అప్పజెప్పేవాడు. అలాగని అతను జన్మలో విమానం ఎక్కింది లేదు. చెన్నై విమానాశ్రయం బయట కార్లు ఆపే చోట రెండుసార్లు నిలబడ్డాడు, అంతే.

అతని పని, చనిపోయినవాళ్ళని ఉంచే ఫ్రీజర్ పెట్టె అద్దెకివ్వడం. కోరి ఎవరూ చేసే పని కాదది. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు సముద్రం పక్కన ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాడు. చేపల పడవలకీ రొయ్యల లారీలకీ ఐసు దిమ్మలు దించీ దించీ, కుడి చేతి వేళ్ళు మూడు మొద్దుబారిపోయాయి. రొయ్యల కంపెనీలు సొంతంగా ఐసు చేసుకోవడం మొదలెట్టాక ఫ్యాక్టరీ మూతపడింది. చల్లదనం తప్ప మరో విద్య చేతిలో లేని మనిషి, నెల్లూరులో ఎవరో వాడి వదిలేసిన పెట్టె ఒకటి తెచ్చి, మోటారు బాగుచేయించి, పైన గాజు మూత కొత్తది బిగించుకున్నాడు. ఇందుకూరుపేట మండలంలో ఏ పాలెంలో చావు జరిగినా ముందు పాస్టరు గారికి, తరవాత జడ్సన్‌కి ఫోను వెళ్ళేది.

ఆ పాలేల్లో సగం ఇళ్ళ నుంచి ఒకరు గల్ఫులో ఉంటారు. ఆడవాళ్ళే ఎక్కువ, ఇంటిపనికో వంటపనికో పోయినవాళ్ళు. తల్లో తండ్రో పోయారని కబురు వెళితే, అక్కడి యజమాని కాగితాలివ్వాలి, టికెట్టు దొరకాలి, విమానం ఎక్కాలి. ఆమె వచ్చి మొహం చూసేదాకా ఇక్కడ మనిషిని ఉంచాలి. అందుకే పెట్టె దించగానే జడ్సన్ అడిగే మొదటి మాట పోయినవాళ్ళ గురించి కాదు. "ఎవురు రావాల? యాడ నుంచి?" అంటాడు. వాళ్ళు చెప్పాక కాసేపు కళ్ళు మూసుకుని, గాలిలో ఇన్ని గంటలు, దిగి బయటపడడానికి ఒకటి, చెన్నై నుంచి ఊరికి నాలుగు అని కూడి, భూస్థాపన ఎప్పుడు పెట్టుకోవచ్చో చెబుతాడు.

ఆ మాటకి అంత విలువ ఎందుకొచ్చిందంటే, వాళ్ళ సమాధుల తోట ఉప్పుకాలవ ఒడ్డున ఉంది. అంతా ఇసుక నేల. గుంత తవ్విన మూడు గంటలకల్లా అడుగు నుంచి ఊటనీళ్ళు లేస్తాయి. ముందే తవ్వి పెట్టుకుందామంటే కుదరదు, తవ్వాక కాసేపు ఆగుదామన్నా కుదరదు. నీళ్ళలోకి మనిషిని దించడం ఎవరికి మనసొప్పుతుంది? అందుకని గుంతలు తవ్వే ముత్యాలయ్య పార భుజాన వేసుకుని వచ్చి, పాస్టరు అయ్యగారిని కాదు, జడ్సన్‌ని అడిగేవాడు, తవ్వచ్చునా అని. గురవమ్మ అనే ముసలామె పోయినప్పుడు మస్కట్ నుంచి మనవరాలు రావాలి. మూడుంబావుకి వస్తుందన్నాడు జడ్సన్. పాస్టరు గారు పుస్తకం తెరుస్తుండగా, సరిగ్గా మూడుంబావుకి కారు సందు మొగలో ఆగింది. అప్పటినుంచి జడ్సన్ తల కొంచెం పైకే ఉండేది. మనుషుల ఏడుపుల మధ్య గడియారం చూసుకుని తృప్తిపడేవాడంటే తప్పుగా అనిపిస్తుంది గానీ, అది నిజం.

అతనికి ఒక్కడే తమ్ముడు, సుశీల్ కుమార్. పన్నెండేళ్ళు చిన్న. రొయ్యల చెరువుల నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి ల్యాబులో పరీక్ష చేసే పని. మనిషి నెమ్మది. భార్య ఎవాంజెలిన్ నెల్లూరు ఆసుపత్రిలో నర్సుగా చేసేది. వాళ్ళకి పిల్లలు లేరు. రెండేళ్ళ కిందట ఎవాంజెలిన్‌కి న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ముందు ఆమె వెళ్ళడం, వీసా రాగానే సుశీల్ వెనకాలే వెళ్ళడం అని అనుకున్నారు. ఆ వీసా ఇవాళా రేపూ అంటూ రెండేళ్ళు నానింది. ఈలోపల సుశీల్ రెండు పూటలా అన్న ఇంట్లోనే తినేవాడు. వదిన రెబెక్కమ్మ వడ్డిస్తుంటే, ఫోను గోడకి ఆనించి పెట్టుకుని, భార్యతో మాట్లాడుతూ తినేవాడు. ఇక్కడ మధ్యాహ్నం అయితే అక్కడ రాత్రి.

ఎవాంజెలిన్ బయలుదేరే ముందు, ఆక్లండ్ ఎంత దూరమని సుశీల్ అన్నని అడిగాడు. గల్ఫు దాటిన ఊళ్ళు జడ్సన్‌కి నోటికి రావు. కానీ రాదని ఒప్పుకుంటాడా? ఫోను తీసి రెండు ఊళ్ళ పేర్లూ కొట్టాడు. ఒక పేజీ తెరుచుకుంది. చెన్నై దగ్గర ఒక చుక్క, ఆక్లండ్ దగ్గర ఒక చుక్క, నడుమ సముద్రం మీదుగా వంపు తిరిగిన ఎర్రగీత. దూరం పదకొండువేల రెండువందల డెబ్బై కిలోమీటర్లు. విమాన ప్రయాణం పద్నాలుగు గంటలు. కింద చిన్న అక్షరాల్లో, ఇది ఎక్కడా ఆగకుండా తిన్నగా ఎగిరితే పట్టే సమయమని రాసి ఉంది గానీ, చిన్న అక్షరాలు చదివే అలవాటు అతనికి లేదు. "పద్నాలుగు గంటలే రా. రైల్లో ఢిల్లీకి పోతే దీనికి రెండింతలు" అని తమ్ముడి భుజం తట్టాడు. సుశీల్‌కి ఆ మాట ఎంత ఊరటనిచ్చిందో! తరవాత ఎవరు అడిగినా, పద్నాలుగు గంటలే గదా అనేవాడు. ఎవాంజెలిన్ మాత్రం రెండో రోజుకి గానీ చేరానని ఫోను చేయలేదు. ఏజెన్సీవాడు చవక టికెట్టు కొని ఊళ్ళన్నీ తిప్పుంటాడని జడ్సన్ కొట్టిపారేశాడు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున తొమ్మిదింటికి సుశీల్ చెరువు గట్టు మీద నీళ్ళ సీసాతో పడిపోయాడు. నెల్లూరు తీసుకుపోయేసరికే అయిపోయిందన్నారు. గుండెపోటు. నలభై ఏళ్ళు నిండలేదు.

జడ్సన్ ఏడవలేదు. ఏడవడానికి అతనికి తీరిక లేదు. వందల ఇళ్ళల్లో చేసిన పనే, చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. పెట్టె కడిగాడు, తీగ లాగాడు, మోటారు వేసి ముందుగా చల్లబరిచాడు. మధ్యాహ్నం ఆసుపత్రి బండి వచ్చినప్పుడు తల వైపు వేరేవాళ్ళు పట్టుకున్నారు, తను కాళ్ళ వైపు పట్టుకున్నాడు. మూత బిగించి, గాజు మీద చెమ్మ చేరకుండా తెల్లబట్ట కప్పి, చల్లదనం చూపించే అంకెలు వెలిగే చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈసారి ఎవరు రావాలో, ఎక్కడ నుంచో ఎవరినీ అడగక్కర్లేదు.

సాయంత్రం ఐదింటికి ఎవాంజెలిన్ ఫోను చేసింది. అక్కడ అర్ధరాత్రి దాటింది. గొంతు పూర్తిగా పోయి ఉంది.

"ఐదున్నరకి ఎక్కుతా ఉండా బావా, మన టైముకి. సింగపూర్ మీద వస్తా. ఒకటే మాట బావా. ఆయన్ని ఫోన్లో మాత్రం చూపించబాకండి. ఎవురినీ తియ్యనీబాకండి. రెండేళ్ళు ఫోన్లోనే చూస్తి. నేనొచ్చి నా కళ్ళతో చూసుకుంటా. ఉంచండి."

ఉంచుతామమ్మా, నువ్వు జాగర్తగా రా అన్నాడు జడ్సన్. ఆమె చెప్పిన సింగపూర్ మాట అతని చెవిని తాకకపోలేదు. కాకపోతే సింగపూర్ మీద అంటే అతనికి అర్థమైంది వేరు. నెల్లూరు నుంచి గూడూరు పోయే బస్సు మనుబోలు మీదుగా పోతుంది. మనుబోలులో ఇద్దరు దిగుతారు, నలుగురు ఎక్కుతారు, కండక్టరు రైట్ అంటాడు. దానికి ఎవరైనా టైము లెక్కేస్తారా? అతనికి తెలిసిన గల్ఫు విమానాలన్నీ ఒక చోట లేచి ఒక చోట దిగేవే. ఒకటి దిగి, పడిగాపులు పడి, ఇంకొకటి ఎక్కడమన్నది అతని లెక్కలో ఎన్నడూ లేదు. ఐదున్నరకి పద్నాలుగు కలిపితే పొద్దున ఏడున్నర. బయటపడడానికి గంట, రోడ్డు మీద నాలుగు, పన్నెండున్నర. చేతిలో మూడున్నర గంటలు అదనంగా ఉంచుకుని, భూస్థాపన బుధవారం నాలుగింటికని చెప్పాడు.

అయ్యగారికి ఎందుకో మనసు ఆగలేదు. అంత దూరం నుంచి రావలసిన బిడ్డ, బేస్తవారం పొద్దున పెట్టుకుంటే ఏం పోతుందని మెల్లగా అన్నారు. సంఘపెద్దలు నలుగురూ అక్కడే ఉన్నారు, పందిరి కింద సగం ఊరుంది. అందరూ జడ్సన్ వంక చూశారు.

"నా మాట ఎప్పుడన్నా తప్పినాదా అయ్యగారూ?" అన్నాడు జడ్సన్.

తప్పలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. చర్చి మైకులో బుధవారం నాలుగు గంటలని చెప్పేశారు.

మనుబోలులో కారు నడిపే పెంచల్‌ని తెల్లవారకముందే చెన్నైకి పంపాడు. ఎనిమిదిన్నర నుంచి ఫోను చేతిలో పట్టుకుని తిరుగుతున్నాడు. తొమ్మిదింటికి పెంచలే చేశాడు. ఆమె రాలేదన్నాడు. ఆక్లండ్ విమానం ఎప్పుడొస్తుందని అడిగితే, ఆ ఊరి నుంచి ఇక్కడికి విమానమే లేదు, ఏ సింగపూర్ నుంచో వస్తారు అన్నారట. బోర్డు మీద ఆ పేరే లేదట. మళ్ళీ కనుక్కోమని జడ్సన్ ఫోను పెట్టేశాడు.

పదింటికి ఫోను టింగుమంది. ఎవాంజెలిన్ మెసేజి. అతను ఇంటి వెనక జనరేటర్ దగ్గరికి పోయి చదివాడు. సింగపూర్‌లో తెల్లవారుజామునే దిగిందట. పొద్దుటి విమానంలో చోటు కోసం కనపడినవాళ్ళందరినీ బతిమాలిందట. లేదన్నారట. సాయంత్రం విమానానికే టికెట్టు, రాత్రి పదిన్నరకి చెన్నైలో దిగుతుందట. చివర్లో, ఆయన్ని ఉంచండి బావా, ఎంత ఆలస్యమైనా ఉంచండి అని రాసింది.

చదవగానే మెసేజి పక్కన రెండు గీతలూ నీలంగా మారతాయి. బావ చూశాడని అక్కడ ఆమెకి తెలిసిపోతుంది. చూశాడు కాబట్టి ఉంచుతాడని ధైర్యంగా కూర్చుంటుంది. ఇదంతా జడ్సన్‌కి తెలుసు. జవాబు రాద్దామని వేలు పెట్టి, తీసేశాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. నాలుగడుగులు వేసి పందిట్లోకి వెళ్ళి, నా లెక్క తప్పింది, రేపు పెట్టుకుందాం అనాలి. అంతే. ఎవరూ కొట్టరు. అయ్యగారు అయ్యో పాపం అంటారు, పెద్దలు తల ఊపుతారు, మైకులో ఇంకోసారి చెప్పిస్తారు. కానీ నిన్న అంతమందిలో అన్న మాట అడ్డం పడింది. పదకొండేళ్ళుగా జనం తనని మనిషిలా చూసింది ఆ లెక్క వల్లే. అది లేకపోతే తను పీనుగల పెట్టె మోసేవాడు, అంతకు మించి ఏమీ కాదు. ఇలాంటి వేళ ఇలాంటి ఆలోచనా అని మనకి అనిపిస్తుంది. అతనికీ అనిపించింది. అయినా పందిట్లోకి వెళ్ళలేదు.

పదకొండింటికి కరెంటు పడిపోయి వచ్చి, మళ్ళీ పడిపోయింది. జనరేటర్ మీద పెట్టె మోటారు సరిగా అందుకోలేదు. ఉప్పుగాలికి ఎప్పటినుంచో మూలుగుతున్న మోటారే అది. అంకెలు రెండు నుంచి ఐదుకి, ఐదు నుంచి తొమ్మిదికి ఎక్కాయి. జడ్సన్ వాటిని చూసి భయపడ్డాడు. భయపడ్డాక, సిగ్గు పడాల్సిన సంగతే గానీ, కాస్త తేలికపడ్డాడు కూడా. పందిట్లోకి వెళ్ళి, విమానం ఆలస్యమట, ఎప్పుడొస్తుందో తెలియదట, పెట్టె చూస్తే ఆగేటట్టు లేదని చెప్పాడు. అందులో పెట్టె మాట అబద్ధం కాదు. మిగతాది అబద్ధం. రెండూ కలిపి చెబితే అంతా నిజంలాగే వినిపించింది.

రెబెక్కమ్మ ఊరుకోలేదు. సుశీల్‌ని పదిహేనేళ్ళ వయసు నుంచి పెంచింది ఆమె. ఎవాంజెలిన్ ఒక్కో నెలా ఫోన్లో ఎంత ఏడ్చిందో కూడా ఆమెకే తెలుసు. లేచి మొగుడి దగ్గరికి వచ్చింది.

"ఐసు తెప్పిస్తే? నాలుగు దిమ్మలు కింద పరిచి, పొట్టు కప్పితే రేపటిదాకా ఆగదా? పద్దెనిమిదేళ్ళు చేసినోడివి, నీకు తెలవదా?"

ఆగుతుంది. జడ్సన్‌కి తెలిసినంత బాగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. మైపాడులో ఇంకో ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది, ట్రాలీలో తెస్తే అరగంట. కానీ ఐసు తెస్తే రేపటిదాకా ఉంచాలి. రేపటిదాకా ఉంచితే, ఈ జనమంతా ఉండగా ఆమె వచ్చి టికెట్టు చూపిస్తుంది, మెసేజి చూపిస్తుంది. అన్నీ బయటపడతాయి. అతనికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"నా తమ్ముడు చేప గాదు, ఐసులో బెట్టేదానికి" అన్నాడు.

ఆ మాట మీద ఇంకెవరు మాట్లాడతారు? సొంత అన్న అన్నాక. రెబెక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి వెళ్ళి కూర్చుంది. అయ్యగారు తల వంచుకున్నారు.

ఒంటిగంటకి ముత్యాలయ్య వచ్చాడు. ఎండలో నడిచి వచ్చి, పార దించి, దానిమీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. అతనికీ సంగతి కొంత తెలిసింది.

"ఆ బిడ్డ ఇంకా రాలేదంట గదన్నా. తవ్వమంటావా, ఆగమంటావా?"

ఇది ఆఖరి అవకాశమని జడ్సన్‌కి తెలుసు. తవ్వాక ఇక ఆపేది లేదు, నీళ్ళు ఊరుకోవు. జేబులో ఫోను బరువుగా తగులుతోంది. ముత్యాలయ్య మొహం వైపు చూడకుండా, "తవ్వు" అన్నాడు.

నాలుగింటికి భూస్థాపన జరిగింది. అయ్యగారు వాక్యం చదివారు. అందరూ వరసగా కడచూపు చూసుకుని కదిలారు. మూత తీసేటప్పుడు జనరేటర్ ఆపాలని జడ్సన్ వెనక్కి వెళ్ళాడు. వచ్చేసరికి శవపేటికకి మేకులు కొడుతున్నారు. ఉప్పుకాలవ ఒడ్డున గుంతలో అప్పటికే మట్టి తడి తేలింది. మొదటి పిడికెడు మన్ను అన్నే వేయాలని పిలిస్తే వచ్చి వేశాడు. సరిగ్గా ఐదున్నరకి, అందరూ కాళ్ళు కడుక్కుంటుండగా, సింగపూర్‌లో ఎవాంజెలిన్ విమానం ఎక్కుతూ ఇంకో మెసేజి పెట్టింది. వస్తున్నా బావా అని.

పెంచల్‌కి ఫోను చేసి, దారిలో ఆమెకి ఏమీ చెప్పవద్దన్నాడు. పెంచల్ చెప్పలేదు. చెప్పకుండా నాలుగు గంటలు కారు నడపడం నరకంలా ఉండిందని ఆ తరవాత చాలామంది దగ్గర వాపోయాడు. గూడూరు దాటాక ఆమె బ్యాగులోంచి చీర తీసి పైన కప్పుకుందట. ప్యాంటుతో ఆయన ముందుకు పోను అందట. మొహం కడుక్కుంటానని ఒకచోట కారు ఆపించిందట. పెట్టె మూత తీసి కాసేపు తాకనిస్తారా పెంచల్ అని అడిగిందట. అతను రోడ్డే చూస్తూ నడిపాడట.

కారు తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చింది. పందిరి ఉంది, కుర్చీలున్నాయి. అరుగు మీద పెట్టె ఖాళీగా, మూత పక్కకి ఆనించి, తీగ చుట్టిపెట్టి ఉంది. నర్సుకి అంతకన్నా ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె అరవలేదు. రెబెక్కమ్మ వచ్చి పట్టుకుంటే, ఆ చేతుల్లోనే కిందికి జారిపోయింది.

తెల్లారాక, తనని అక్కడికి తీసుకుపొమ్మని జడ్సన్‌నే అడిగింది. రెబెక్కమ్మ తనూ వస్తానంటే వద్దంది. ఇద్దరూ ఇసుక దారిలో నడిచారు. కాలవ అవతల వలలు ఆరేస్తున్నవాళ్ళు పనులాపి చూశారు. కొత్త మట్టి కుప్ప మీద పూలదండలు రాత్రి మంచుకి తడిసి ఉన్నాయి. ఎవాంజెలిన్ పక్కన చతికిలబడి, మట్టి మీద అరచెయ్యి ఆనించింది.

"మెసేజి చూసినారు గదా బావా" అంది, తల ఎత్తకుండానే.

"చూసినా."

"పెట్టె చెడిపోయినాదని అక్క చెప్పింది. నిజమేనా?"

"కొంచెం నిజం."

ఆమె ఇంకేం అడగలేదు. అడిగితే అన్నీ చెప్పేయాలని జడ్సన్ దారి పొడవునా అనుకుంటూనే వచ్చాడు. లెక్క సంగతీ, పందిట్లో అన్న మాటా, ఐసు సంగతీ, అన్నీ. తిడితే పడదామనుకున్నాడు. చెంప మీద కొట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె తిట్టలేదు. చీర చెంగుతో మొహం తుడుచుకుని, అప్పుడు అతని వైపు తిరిగింది.

"పోనీలెండి. ఎట్టుండినాడో చెప్పండి బావా. మొహం ఎట్టుండింది? గుండెపోటులో కొందరికి నొప్పి మొహంలోనే ఉండిపోద్ది. మా వార్డులో చానా మందిని చూసినా. ఈయనకి ఉండిందా? మీరు చెప్పండి, నమ్ముతా."

జడ్సన్ చెప్పబోయాడు. పెట్టె మీద అంకెలు గుర్తొచ్చాయి, రెండు, ఐదు, తొమ్మిది. గాజు మీది చెమ్మ గుర్తొచ్చింది. దాన్ని బట్టతో నాలుగుసార్లు తుడిచాడు. తమ్ముడి కాళ్ళు గుర్తొచ్చాయి, మడమల దగ్గర ఆరిన చెరువు బురదతో సహా. మొహం రాలేదు. ఎంత వెతికినా, గోడకి ఆనించిన ఫోను ముందు అన్నం తింటున్న సుశీలే వస్తున్నాడు. మొదటి రోజు గడియారం మీద ధ్యాసతో మొహం చూడలేదు. రెండో రోజు చూడడానికి మొహం చెల్లలేదు. కడచూపు వేళ జనరేటర్ వంక పెట్టి తప్పుకున్నాడు. ఎవరెవరో దూరదేశాల నుంచి వచ్చి చూసుకోవాలని వందల మొహాల్ని కాపాడిన మనిషి, సొంత తమ్ముడి పక్కన ఒక రోజుకి పైగా కూర్చుని, ఒక్కసారి కూడా మొహంలోకి చూడలేదు.

నిద్రపోతున్నట్టుంది అని చెప్పేయవచ్చు. ఆమె నమ్ముతానంది.

"నేను చూళ్ళేదమ్మా" అన్నాడు. అప్పుడు మొదటిసారి ఏడుపు వచ్చింది.

ఎవాంజెలిన్ మళ్ళీ మట్టి వైపు తిరిగింది.

"అయితే ఊళ్ళో అందరూ చూసినారు. మనిద్దరమే చూళ్ళేదు" అంది.

జడ్సన్ అక్కడే నిలబడి ఏడ్చాడు. కూర్చోమని ఆమె అనలేదు, వెళ్ళమనీ అనలేదు.